సంచార సంగీతకారుని విద్యుత్పరికరములు

స్వంత రంగస్థలము గల వాద్యబృందమునకు లేని చిక్కొకటి, యాంప్లిఫయరులను, స్పీకర్లను, దీపములను బండిలో వేసికొని పెండ్లిండ్లకును విందులకును తిరుగు బ్రిటను దేశపు డీజేలకును గాయకులకును గలదు. సామగ్రి వారిదే యైనను, దానికి విద్యుత్తు నిచ్చు సాకెట్టు ప్రతి రాత్రియు పరులది. పైగా నిత్యము ఎక్కించుచు, దించుచు, తీగలను చుట్టుచు, విప్పుచు నుండుటచే, ఇంట నొక మూల కదలక యుండు రేడియోకు పదేండ్లకైనను కలుగని శైథిల్యము ఈ పరికరములకు స్వల్పకాలములోనే సంభవింపవచ్చును.

విద్యుద్దోషము ప్రాణములనే తీయగలదు. 1972 మే 3వ తేదీన వేల్సులోని స్వాన్సీ నగరమున, ‘స్టోన్ ది క్రోస్’ బృందపు గిటారు వాదకుడు లెస్లీ హార్వే, రంగస్థలముపైననే, ఎర్తు సరిగా లేని మైక్రోఫోనును తాకి విద్యుదాఘాతముచే మరణించెను. ఇట్టి ప్రమాదమునకు మూలమైన భౌతికకారణము తెలిసికొనదగినది. గిటారు లోహతంత్రులు దాని యాంప్లిఫయరు ఎర్తుతో కలిసియుండును. మైక్రోఫోను లోహపు తొడుగు సాధారణముగా వేరొక యాంప్లిఫయరుతో కలిసియుండును. ఈ రెంటిలో నొకదానికి ఎర్తు తెగి, లోపలి దోషముచే 230 వోల్టులు దాని లోహమునకు సోకినప్పుడు, ఎర్తు చక్కగా నున్న రెండవ పరికరమే ప్రవాహమునకు దారి కల్పించును. ఒక చేయి తంత్రులపైనను, వేరొక చేయి మైక్రోఫోనుపైనను ఉన్న మనుష్యుని వక్షఃస్థలము మీదుగా నది సాగును. చెమట పట్టిన దేహపు నిరోధమును 1500 ఓములని యెంచినచో, ప్రవాహము సుమారు 150 మిల్లీ ఆంపియర్లగును. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతముననే కండరములు బిగిసి, పట్టిన వస్తువును చేయి విడువలేకపోవును. 150 మిల్లీ ఆంపియర్లు గుండె లయను చెదరగొట్టగలవు. బ్రిటను ప్లగ్గులోని 13 ఆంపియర్ల ఫ్యూజునకో, ఇది లెక్కలోనికే రాదు. ఫ్యూజు తీగను రక్షించుటకు పుట్టినది.

ఎర్తు దృఢముగా నున్నచో కథ మారును. దోషము కలిగిన తక్షణమే వందలకొలది ఆంపియర్లు ఎర్తు తీగలో ప్రవహించి ఫ్యూజును కాల్చివేయును. కావుననే ‘ప్యాట్’ అని వాడుకలో నున్న విద్యుత్పరికరముల పరీక్షలో మొదట ఎర్తు తీగ నిరోధమును కొలుతురు; పరికరపు తీగ నిరోధమును మినహాయించి అది 0.1 ఓమునకు మించరాదు. పిమ్మట 500 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో విద్యుద్బంధకమును పరీక్షింతురు: ఎర్తు గల పరికరములకు కనీసము ఒక మెగోము, రెండు పొరల రక్షణ గల ఎర్తు లేని వానికి రెండు మెగోములు ఉండవలెను.

అయినను యంత్రముకంటె ముందుగా కన్ను పని చేయవలెను, ఏలయన దోషములలో అధికభాగము చూచినంతనే బయటపడునవే: ప్లగ్గునుండి జారిన తీగ, చీలిన తొడుగు, ఫ్యూజు స్థానమున చుట్టిన వెండికాగితము, చుట్టవిప్పకయే భారము వేయగా లోపల వేడెక్కి మెత్తబడిన ఎక్స్‌టెన్షన్ తీగ. వీటన్నిటికంటె నాకు భయంకరముగా తోచునది మరొకటి. రెండు పరికరముల ఎర్తులు కలిసి వలయమేర్పడినపుడు స్పీకర్లలో గుంయిమను రొద పుట్టును. దానిని మాన్పుటకై కొందరు ప్లగ్గులోని ఎర్తు తీగనే ఊడదీయుదురు. రొద ఆగును, శ్రోతలు సంతసింతురు; ప్రాణరక్షణయు దానితోనే తొలగిపోవును. ఆ రొదకు తగిన చికిత్స శబ్దసంకేతపు తీగలో ట్రాన్సుఫార్మరు నుంచి ఆ మార్గమును వేరుచేయుటయే. విద్యుత్తు తీగలోని ఎర్తును ఎన్నటికిని ముట్టరాదు. మన మైకుసెట్టువారు వాడు విద్యుత్తును 230 వోల్టులదే గనుక, ఈ మాట ఇచ్చటను అంతే నిజము.

బ్రిటనులో 1989 నాటి విద్యుత్ నియమములు, పనికి వాడు పరికరములు ప్రమాదము కలుగని స్థితిలో నుండవలెనని విధించుచున్నవి, స్వంతముగా వృత్తి సాగించువారికిని అవి వర్తించును. ఏటేట పరీక్ష జరుపవలెనని మాత్రము అందు లేదు. మందిరముల యజమానులు తరచుగా పరీక్షాపత్రమును కోరుదురు. అయితే పత్రము ఆ పరీక్ష దినపు స్థితినే తెలుపును. పైగా ఒక్కొక్క పరికరమును విడివిడిగా పరీక్షించు నీ పద్ధతి, నేటి రాత్రి ఈ మందిరమున మైక్రోఫోనునకును గిటారునకును మధ్య ఎంత వోల్టేజి కలదో చెప్పజాలదు. అందుచేత, ప్రవాహము ఎర్తునకు జారినంతనే సరఫరాను తెంచు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీడీని సాకెట్టునకు తగిలించి దాని పరీక్షామీటను నొక్కి చూచుటయు, కళాకారుడు వేదిక నెక్కకమునుపే వోల్టుమీటరు కొనలను తంత్రికిని మైక్రోఫోనునకును తాకించి చూచుటయు, ప్రతి స్థలమున చేయవలసిన పనులు. ముల్లు గట్టిగా కదలినచో, కారణము దొరకువరకు కచేరి ఆరంభింపరాదు.