దూరవిద్య: ఎవరి తీరిక? ఎవరి వేగం?

దూరం అనే మాట దళితులకు కొత్త కాదు. ఊరికి దూరంగా వాడ, బావికి దూరంగా కుండ, గుడికి దూరంగా మనిషి. అట్లాంటి సమాజంలో ప్రభుత్వం 'దూరవిద్య' అని ఒక ఏర్పాటు చేసి, ఇది చదువుకు నోచుకోనివాళ్ల కోసమే అన్నప్పుడు ఆ మాట దగ్గర కొంచెం ఆగి ఆలోచించాల్సి వుంటుంది. దూరవిద్య వద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. మా వాడల్లో మొట్టమొదట డిగ్రీ పట్టా చేతికి అందుకున్నవాళ్లలో చాలామంది ఆ దారిన వచ్చినవాళ్లే. అంగన్‌వాడీ టీచరు, ఆర్టీసీ కండక్టరు, పదో తరగతి తర్వాత పెళ్లయిపోయిన అమ్మాయి, కాలేజీ మధ్యలో మానేసి కూలికి పోయిన పిల్లగాడు - వీళ్లకు ఇంకో దారి ఎవరూ చూపలేదు. కాబట్టి ఆ దారి ఎట్లా వుంది, ఎక్కడ గుంతలున్నాయి అనేదే ఇక్కడ ప్రశ్న.

మన దేశంలో పోస్టు ద్వారా డిగ్రీ చదువు 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. తెలుగు ప్రాంతంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో అదే పద్ధతి పెట్టింది. దాన్నే మనవాళ్లు ఇప్పటికీ 'కరస్పాండెన్స్' అంటారు. కాలేజీలో చెప్పే పాఠాన్నే అచ్చువేసి ఇంటికి పంపడం అందులో ప్రధానం. ప్రవేశానికి మాత్రం కాలేజీ అడిగిన సర్టిఫికెట్లన్నీ అదీ అడిగింది. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంకో రకం. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీని చూసి, 1982లో హైదరాబాద్ కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు. దేశంలో అదే మొదటిది. దాని మొదటి వైస్‌ఛాన్స్‌లర్ జి. రామిరెడ్డి తర్వాత 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా మొదటి వైస్‌ఛాన్స్‌లర్ అయ్యారు. ఇంటర్మీడియట్ లేకపోయినా ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు అన్నది హైదరాబాద్ విశ్వవిద్యాలయం తెరిచిన అసలైన తలుపు. పాఠాలు తెలుగులో వున్నాయి. రేడియోలో పాఠం విన్నారు. ఊళ్లో వుంటూనే దగ్గరి పట్నంలో ప్రభుత్వ కాలేజీలోని స్టడీ సెంటరుకు పోయి పరీక్ష రాశారు.

1991లో, అంబేద్కర్ శతజయంతి సంవత్సరంలో, ఆ విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. అదే సంవత్సరం ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని వెంటాడి నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. అక్కడ గొడవ ముదరడానికి చెప్పిన కారణాల్లో ఒకటి సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులం మనిషికి తగలడం. ఒకవైపు విశ్వవిద్యాలయానికి బాబాసాహెబ్ పేరు, ఇంకోవైపు చదువుకున్న దళితుడు పక్క సీట్లో కూర్చుంటే ఓర్వలేనితనం. ఈ రెంటినీ ఒకే ఏడాది చూసినవాళ్లం కాబట్టి పేరు చూసి మురిసిపోయే అలవాటు మాకు లేదు. అట్లాగని పేరును తేలిగ్గా కూడా తీసుకోం. ఆ పేరున్న పట్టాను ఇంట్లో గోడకు తగిలించుకున్నవాళ్లకు దాని విలువ తెలుసు.

దూరవిద్య గురించి చెప్పేటప్పుడు అందరూ వాడే మాట ఒకటుంది: 'మీ తీరికను బట్టి, మీ వేగంతో చదువుకోవచ్చు'. వినడానికి బాగానే వుంటుంది. కానీ తీరిక ఎవరికుంది? ఆదివారం పూట స్టడీ సెంటర్లో పాఠం చెప్పే ఏర్పాటు (దాన్ని కౌన్సెలింగ్ తరగతి అంటారు) చూడండి. ఆదివారం సెలవు అనేది ఆఫీసు ఉద్యోగి లెక్క. వ్యవసాయ కూలికి ఆదివారం లేదు. నాట్లు వున్న రోజు కూలి వుంటుంది, లేని రోజు వుండదు. పత్తి తీసే రోజుల్లో ఒక ఆదివారం తరగతికి పోవడమంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని, పైన బస్సు ఛార్జీ పెట్టుకోవడం. కోస్తా జిల్లాల్లో ఇంకో సంగతి. మాల, మాదిగ పల్లెల్లో చాలా కుటుంబాలు ఆదివారం ఉదయం ప్రార్థనకు పోతాయి. వారంలో పల్లె అంతా ఒకచోట కూర్చునే పూట అదొక్కటే. తరగతి కూడా అప్పుడే. ఈ ఏర్పాటు చేసినవాళ్లకు కుట్ర వుందని మేమనం. వాళ్ల కళ్లముందు వున్న విద్యార్థి గుమస్తా గానీ కూలి కాదు, అంతే.

ఆడవాళ్ల సంగతి మరీ చెప్పాల్సిన పని లేదు. పొద్దున పొయ్యి, పగలు పొలం, సాయంత్రం మళ్లీ పొయ్యి. వాళ్ల 'సొంత వేగం' రాత్రి పది తర్వాత మొదలవుతుంది. అప్పటికి కరెంటు వుంటే పుస్తకం, లేకుంటే నిద్ర.

ఇక పుస్తకాలు. ఇది మెచ్చుకోవాల్సిన విషయం. అంబేద్కర్ విశ్వవిద్యాలయం తెలుగు పాఠ్యపుస్తకాలు గ్రూప్స్ రాసేవాళ్లు కూడా కోఠిలో వెతికి కొనుక్కుంటారు. పాఠాన్ని భాగాలుగా విడగొట్టి, మొదట ఈ భాగం చదివితే ఏం తెలుస్తుందో చెప్పి, మధ్య మధ్యలో మీరే జవాబు రాసి చూసుకోండని ప్రశ్నలిస్తారు. గురువు ఎదురుగా లేనివాడికి పుస్తకమే గురువు కావాలన్నది దాని వెనకున్న ఆలోచన. చాలామంది ఆ మధ్యలో ప్రశ్నల్ని దాటేసి ముందుకు పోతారు. అవే అసలు పాఠం. పెన్సిలు పట్టుకుని అక్కడే ఆగి నాలుగు వాక్యాలు రాయనివాళ్లకు పరీక్ష హాల్లో చెయ్యి కదలదు.

అయితే ఆ తెలుగు అందరి తెలుగు కాదు. అర్థశాస్త్రంలో 'ప్రచ్ఛన్న నిరుద్యోగం' అని ఒక మాట వస్తుంది. మొదటిసారి చదివినవాడు ఆ మాట దగ్గరే పుస్తకం మూసేస్తాడు. కానీ అది మన బతుకే. ఇద్దరు చేస్తే సరిపోయే రెండెకరాల చెక్కలో వేరే పని దొరక్క ఇంటిల్లిపాదీ అయిదుగురు చేస్తున్నారనుకోండి. అందులో ముగ్గురు లేకపోయినా పంట తగ్గదు. పైకి పనిలో వున్నట్టే కనిపిస్తారు గానీ లెక్కకు పని లేనివాళ్లే. దీన్ని ఇట్లా చెబితే చదువు రాని తల్లి కూడా అవునంటుంది. ఆ పైన ఆమె ఇంకో ప్రశ్న కూడా వేస్తుంది: ఆ రెండెకరాలు కూడా లేనివాళ్లను ఏమంటారు? ఈ ప్రశ్న పుస్తకంలో వుండదు. ఒంటరిగా చదివేవాడికి ఇట్లా విడమరిచి చెప్పేవాళ్లు లేరు. మేము దూరవిద్యలో చూసిన పెద్ద లోటు అదే. విశ్వవిద్యాలయం పుస్తకాన్ని ఇంటికి పంపింది గానీ తోడును పంపలేదు.

క్యాంపస్‌లో చదివిన దళిత విద్యార్థికి అవమానాలు ఎన్ని వున్నా తోడు వుంది. స్కాలర్‌షిప్ లిస్టు చదువుతున్నప్పుడు క్లాసంతా తలతిప్పి చూసే చూపు దూరవిద్య విద్యార్థికి లేదు, నిజమే. కానీ అదే చూపును ఎదుర్కోవడానికి హాస్టల్ గదుల్లో మొదలైన మాటలే తర్వాత సంఘాలయ్యాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ 1993లో ఏర్పడింది అట్లాగే. లైబ్రరీలో పక్క కుర్చీలో కూర్చున్న సీనియర్ ఏ పుస్తకం చదవాలో, ఏ పరీక్షకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో చెబుతాడు. దూరవిద్య మనిషిని అవమానం నుంచి కొంత తప్పించింది, సంఘం నుంచి కూడా తప్పించింది. మొదటి తరం విద్యార్థికి రెండోది పెద్ద నష్టమని మా అభిప్రాయం.

డబ్బు విషయంలో కూడా తేడా వుంది. 2010లో సవరించిన కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ నిబంధనల ప్రకారం కరస్పాండెన్స్ చదివే ఎస్సీ విద్యార్థికి కోర్సు ఫీజు, దానిపై పుస్తకాలకు ఏడాదికి 1,200 రూపాయలు వచ్చేవి. కాలేజీ విద్యార్థికి అప్పట్లో వచ్చిన నెలవారీ భత్యం వాళ్లకు లేకపోయింది. ఇంట్లో తిని చదివేవాడికి ఖర్చేముంటుంది అన్నది దాని లెక్క. పోగొట్టుకున్న కూలి ఆ లెక్కలో లేదు.

అన్నిటికన్నా జాగ్రత్తగా తెలుసుకోవాల్సింది మెట్ల సంగతి. కార్యకర్తలు దీన్ని వాడల్లో పదే పదే చెప్పాలి. ఇంటర్ లేకుండా డిగ్రీ, డిగ్రీ లేకుండా పీజీ అని ఒకప్పుడు అనేక చోట్ల సీట్లిచ్చారు. యూజీసీ 1985 నిబంధనలు ఇంటర్ లేనివాళ్లను ప్రవేశ పరీక్ష ద్వారా డిగ్రీలో చేర్చుకోవడానికి ఒప్పుకున్నాయి గానీ, డిగ్రీ లేకుండా పీజీకి ఒప్పుకోలేదు. 2009లో తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, మొదటి డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో తెచ్చుకున్న ఎం.ఏ. చెల్లదని తీర్పు చెప్పింది. న్యాయవాది కావాలనుకునేవాళ్లకు బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ఇంకా గట్టివి: కింది మెట్టు లేకుండా నేరుగా ఓపెన్‌లో తెచ్చుకున్న ఇంటర్‌తో గానీ డిగ్రీతో గానీ లా కోర్సులో చేరనివ్వరు. అన్ని మెట్లూ వరుసగా ఎక్కినవాళ్లకు దూరవిద్య డిగ్రీ అడ్డం కాదు. అట్రాసిటీ కేసుల్లో కోర్టుల చుట్టూ తిరిగి, మనకూ ఒక లాయరు వుంటే బాగుండునని అర్హత పరీక్ష రాసి బి.ఏ. పూర్తిచేసిన కార్యకర్తకు ఈ సంగతి లా సీటు దగ్గర తెలిస్తే ఎట్లా వుంటుంది? తలుపు తెరిచి లోపలికి పిలిచింది ఒకరు, అవతలి తలుపు మూసింది ఇంకొకరు. మధ్యలో ఇరుక్కున్నది మనవాళ్లు.

దీనికి దారి లేకపోలేదు. బడి మధ్యలో మానేసినవాళ్లు ముందు ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ పూర్తిచేయాలి. 1989లో ఏర్పడిన జాతీయ ఓపెన్ స్కూలు (ఇప్పుడు ఎన్.ఐ.ఓ.ఎస్.) ఒకసారి చేరితే అయిదేళ్ల గడువు, తొమ్మిదిసార్లు పరీక్ష రాసే అవకాశం ఇస్తుంది. ఒక్కో సబ్జెక్టు ఒక్కో విడతలో రాసుకోవచ్చు. సొంత వేగం అనే మాటకు కొంతైనా అర్థమున్నది అక్కడే. రెండు మూడేళ్లు ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.

ఆలస్యమైతే పరువు తక్కువ అనుకునేవాళ్లకు బాబాసాహెబ్ చదువు గుర్తుచేయాలి. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్ గడువు తీరి 1917లో ఆయన లండన్ చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. నాలుగేళ్ల లోపు తిరిగి చేరవచ్చని లండన్ విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, డబ్బు కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజు, ఒక పార్సీ స్నేహితుడు సాయం చేస్తే 1920లో తిరిగి పోయారు. 1921లో ఎమ్మెస్సీ, 1923లో డీఎస్సీ. ఆ పట్టుదల గురించి సభల్లో అందరూ మాట్లాడతారు. మధ్యలో ఆగినవాడికోసం సీటు నిలిపి వుంచిన ఆ నాలుగేళ్ల అనుమతి గురించి ఎవరూ మాట్లాడరు. తర్వాత ఆయన 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం ఉదయం పూట తరగతులు నడిపించారు. అంతకు ముందే 1855లో ఫూలే దంపతులు పుణెలో రైతులకు, కూలీలకు రాత్రి బడి పెట్టారు. వాళ్లు పనిచేసేవాడి పొద్దును చూసి గంట కొట్టారు.

ఈ మధ్య కొత్త చిక్కులు వచ్చాయి. 'వన్ సిట్టింగ్‌లో డిగ్రీ' అని ఎక్కడో దూరపు రాష్ట్రం విశ్వవిద్యాలయం పేరు చెప్పి పట్టాలమ్మే ఏజెంట్లు ప్రతి పట్నంలో వున్నారు. ఒకే ఏడాదిలో మూడేళ్ల డిగ్రీ ఇస్తామన్నవాడు మోసగాడే, అందులో ఆలోచించడానికి ఏమీ లేదు. చేరేముందు ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ దూరవిద్యా విభాగం గుర్తింపు వుందో లేదో చూసుకోవాలి. గుర్తింపు వున్న దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా చెప్పింది. 'ఓపెన్ డిగ్రీయేనా?' అని పెదవి విరిచే ఇంటర్వ్యూ బోర్డు ముందు ఆ ఉత్తర్వు కాపీ దగ్గర వుంచుకోవడం మంచిది. 2024 నుంచి దూరవిద్యలో చేరాలంటే ముందు ఆన్‌లైన్‌లో డీఈబీ ఐడీ అని ఒక నంబరు తీసుకోవాలి. దానికి ఆధార్, ఫోన్ కావాలి. ఆధార్‌లో పేరు ఒకరకంగా, పదో తరగతి మెమోలో ఇంకోరకంగా వున్నవాళ్లు ముందు వాటిని సరిచేయించుకోవాలి. ఫోన్ భర్త చేతిలో వుండే ఆడవాళ్ల సంగతి ఈ నిబంధన రాసినవాళ్లు ఆలోచించారా అన్నది అనుమానమే.

వాడల్లో అంబేద్కర్ భవనాలు ఏప్రిల్ 14కు సున్నం కొట్టి, మిగతా రోజులు తాళం వేసి వుంటున్నాయి. వారానికి రెండు రాత్రులు ఆ తాళం తీస్తే చాలు. దూరవిద్య చదువుతున్నవాళ్లు నలుగురైదుగురు కూర్చుని, ఒకరు పాఠం పైకి చదివితే ఇంకొకరు వాడుక మాటల్లో చెప్పాలి. టీచర్లుగా వున్న మనవాళ్లు నెలకొకసారి వచ్చి అసైన్‌మెంట్లు చూసిపెట్టాలి. ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే వున్నాయి. హాస్టళ్ల లైబ్రరీల్లో సాయంత్రం పూట దూరవిద్య విద్యార్థులను కూర్చోనివ్వాలి. తరగతికి వచ్చిన రోజుకు బస్సు ఛార్జీ, కూలి నష్టం ఇవ్వాలి. ఇక పరీక్షల తేదీలు. ఖమ్మం, గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కుటుంబాలే వలస పోయే నెలల్లో పరీక్ష పెడితే హాల్ టికెట్ ఒక ఊళ్లో, మనిషి ఇంకో ఊళ్లో వుంటారు. టైంటేబుల్ వేసేవాళ్లు పండగల జాబితాతో పాటు ఏ జిల్లాలో నాట్లెప్పుడు, కోతలెప్పుడు అనేది కూడా పక్కన పెట్టుకోవాలి. వ్యవసాయ శాఖ దగ్గర ఆ వివరాలన్నీ వున్నాయి.