పెట్టెలో వచ్చిన దోమ

రెక్క చివర నాలుగు మిల్లీమీటర్లు కోసేయాలి. రెండో రెక్కకూ అంతే. బ్లేడు ఆనించే ముందు ప్రతిసారీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పెట్టె ఇప్పుడే విప్పాం, ఒక్క ముక్కయినా అతికించలేదు, నిక్షేపంలాంటి రెక్కను కోయడమేమిటని ఇంట్లోవాళ్లు అడుగుతారు. కోయక తప్పదు. ఆ పెట్టెలో ఉన్నది ఇంగ్లండు వాళ్ల నాట్. నాకు కావలసింది మన నాట్.

ఇంగ్లీషులో నాట్ అంటే కళ్లముందు ముసిరే దోమలాంటి చిన్న పురుగు. సాయంత్రం పూట కొల్లేటి గట్టు మీద కాసేపు నిలబడ్డవాళ్లకు ఆ పేరును ఇంకా విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక జెట్ యుద్ధవిమానానికి అదే పేరు పెట్టారు. ఆ కొస నుంచి ఈ కొసకు దాని రెక్కల విస్తారం 6.73 మీటర్లు. ఏలూరు బస్టాండులో నిలబడ్డ ఆర్టీసీ బస్సు అంతకన్నా పొడుగు. ఆ విమానాన్ని ప్లాస్టిక్ బొమ్మ కొలతకు, అంటే 72వ వంతుకు, కుదిస్తే తొమ్మిది సెంటీమీటర్ల పైచిలుకు, అంటే అరచేతిలో ఇమిడిపోతుంది.

ఈ విమానాన్ని రూపొందించినవాడు డబ్ల్యూ.ఇ.డబ్ల్యూ. పెట్టర్. అంతకుముందు కాన్‌బెరా బాంబర్‌కు రూపమిచ్చింది కూడా ఆయనే. 1950ల నాటికి యుద్ధవిమానాలు ఏటికేడాది బరువెక్కుతున్నాయి, ధరా పెరుగుతోంది. పెట్టర్ ఎదురు దారి పట్టాడు. తక్కువ బరువు, తక్కువ ఖర్చు, తేలిగ్గా చేసుకోగలిగిన నిర్మాణం ఆయనకు కావాలి. సౌతాంప్టన్ దగ్గర హాంబుల్‌లో ఉన్న ఫోలండ్ అనే చిన్న సంస్థలో చేరి, ముందు మిడ్జ్ అనే ప్రయోగ విమానం చేశాడు. అది 1954 ఆగస్టు 11న ఎగిరింది. దాని వెనకే, ఆర్ఫియస్ ఇంజిన్‌తో, 1955 జూలై 18న నాట్ గాలిలోకి లేచింది.

బ్రిటిష్ వాయుసేన మాత్రం దాన్ని యుద్ధవిమానంగా తీసుకోలేదు. రెండు సీట్ల శిక్షణ విమానంగా మార్పించి తీసుకుంది. రెండో మనిషికి చోటు కావాలి కాబట్టి ఒళ్లు పొడుగైంది. కుర్రవాళ్లు నెమ్మదిగా, భద్రంగా దిగాలి కాబట్టి రెక్క పెద్దదైంది. యుద్ధవిమానం రెక్క వైశాల్యం 136.6 చదరపు అడుగులైతే శిక్షణ విమానానిది 175. రెడ్ యారోస్ విన్యాసాల దళం 1965 నుంచి 1979 దాకా ఎగిరింది ఈ రెండు సీట్ల నాట్ మీదే. ఇంగ్లండు పిల్లలు తలెత్తి చూసింది దాన్నే, బొమ్మల కంపెనీలు అచ్చు పోసిందీ దాన్నే. ఒంటి సీటు నాట్‌ను నమ్మి కొన్న దేశాలు మూడే. యుగోస్లావియా రెండు, ఫిన్లండు పదమూడు తీసుకున్నాయి. మిగిలింది మనం.

మనకు అది ఎలా చేరిందో తెలుసుకున్నాకే ఈ విమానం మీద నా మమకారం రెట్టింపయింది. 1956లో ఒప్పందం కుదిరింది. మన వాయుసేనకు తొలి 13 విమానాలను హాంబుల్‌లోనే కూర్చారు. తర్వాత సగం పూర్తయినవి పంపారు. ఆ తర్వాత విడి భాగాలే పంపారు. బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్మికులు ముందు వాటిని బిగించడం నేర్చుకున్నారు, పోనుపోను భాగాలు కూడా తామే చేయడం మొదలుపెట్టారు. అసలు నాట్ కూడా మన దేశానికి కిట్టుగానే వచ్చిందన్నమాట! నా బల్ల మీది చట్రం నుంచి ముక్కలు తుంచుతున్నప్పుడల్లా ఆ బెంగళూరు షెడ్డు గుర్తొస్తుంది. అక్కడ ముక్క ఒక్కటి తేడాగా కూర్చుంటే పోయేది ఒక పైలట్ ప్రాణం.

ఇక బొమ్మ కథ. ఎయిర్‌ఫిక్స్ కంపెనీని 1939లో లండన్‌లో పెట్టిన నికొలస్ కోవ్ హంగరీ నుంచి వచ్చినవాడు. మొదట్లో గాలి నింపే రబ్బరు బొమ్మలు చేశాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో అచ్చులోకి ఎక్కించే యంత్రం కొని దువ్వెనలు పోశాడు. అలాంటి యంత్రంతోనే 1949లో ఫెర్గూసన్ ట్రాక్టర్ బొమ్మను, 1950ల్లో స్పిట్‌ఫైర్ విమానాన్ని పోశారు. అంతకుముందే, 1936లో, ఫ్రాగ్ అనే కంపెనీ పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ విమానాల కిట్లు అమ్మింది. అవీ 72వ వంతు కొలతలోనే. అడుగులూ అంగుళాలూ వాడే దేశానికి అది సుళువైన లెక్క, ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. యుద్ధకాలంలో ఈ కొలతకే నల్లటి బొమ్మలు చేసి, శత్రు విమానాన్ని దూరం నుంచి గుర్తుపట్టడం సైనికులకు నేర్పారు. పది మీటర్ల దూరంలో పట్టుకున్న బొమ్మ కంటికి 720 మీటర్ల దూరంలోని అసలు విమానమంత కనిపిస్తుంది.

అదే యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న, విశాఖ మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. తాడేపల్లిగూడెం రన్‌వే ఆ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం వేసిందే. ఉల్లిపాయల మార్కెట్టుకు వచ్చే లారీవాళ్లకు ఆ ఊళ్లో అంత పొడుగు రన్‌వే ఉందని తెలియకపోవచ్చు. ఆ రన్‌వే కాలానికి జెట్లు మన ఆకాశంలోకి రాలేదు. వచ్చాక తెలుగునేల మీద హకీంపేటలో కుర్ర పైలట్లు బ్రిటిష్ వాంపైర్ల మీద శిక్షణ పొందారు. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో, బంగాళాఖాతంలో విక్రాంత్ నౌక మీద నుంచి కాక్స్‌బజార్ పైకి లేచిన సీ హాక్‌లు కూడా బ్రిటిష్ జెట్లే. సీ హాక్ కిట్టు కూడా నా దగ్గరుంది. రెక్కలు మడిచి పెట్టవచ్చు, అందమైన బొమ్మ. అయినా ముందు నాట్.

కిట్లోని ముక్కలు ఒక ప్లాస్టిక్ చట్రానికి తొడిమలతో వేలాడుతుంటాయి. తుంచకూడదు. ముక్కకు కాస్త ఎడంగా కత్తిరించి, మిగిలిన తొడిమను ఆకురాయితో అరగదీయాలి. తుంచితే ముక్క వైపు గుంట పడుతుంది. అతికించే ద్రావకం నిజానికి జిగురు కాదు. ఈ ప్లాస్టిక్ పాలీస్టైరీన్. రొయ్యల్ని ఐసుతో సర్ది పంపే పెట్టెల థర్మోకోల్ కూడా అదే పదార్థం, గాలి బుడగలతో ఉబ్బించినది. థర్మోకోల్ మీద పెట్రోలు చుక్క పడితే ఎలా కరిగి కుంగిపోతుందో చూసే ఉంటారు. అదే పనిని అదుపులో చేయించడమే ఇక్కడి విద్య. కుంచెతో అంచు వెంట చుక్క తాకిస్తే రెండు వైపులా ప్లాస్టిక్ పైపొర మెత్తబడుతుంది, పొడవాటి అణువుల గొలుసులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి, ద్రావకం ఆవిరయ్యాక రెండు ముక్కలూ ఒక్కటే అవుతాయి. ఎక్కువ పోస్తే థర్మోకోల్ గతే.

శిక్షణ విమానాన్ని యుద్ధవిమానంగా మార్చడం రెక్క చివర కోయడంతో తీరదు. రెక్క వెడల్పు కూడా తగ్గాలి. ఒంటి మధ్యలో ఒక ముక్క కోసి తీసేసి, ముందూ వెనకా కలపాలి. అక్కడ రెండు భాగాల చుట్టుకొలతలు సరిపోవు, మెట్టులా నిలబడుతుంది. తోక చిన్నది కావాలి. వెనక సీటు పూడ్చి, పైన వీపు కొత్తగా కట్టాలి. దానికి లప్పం పట్టి, ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్లీ పట్టి, చివరికి నీటి ఎమరీతో నున్నగా చేయాలి. కొండపల్లి బొమ్మలవాళ్లు పొణికి చెక్క ముక్కల్ని అతికి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో వంపులు తీర్చినట్టే ఇదీ. ఏనుగు మీద అంబారీ ఎక్కడ అతికిందో ఎంత వెతికినా కనపడదు. నాట్ వీపు మీద నా అతుకు ఇంకా కనపడుతూనే ఉంది. చెక్ దేశపు స్పెషల్ హాబీ కంపెనీ ఒంటి సీటు నాట్ కిట్టే తీసుకొచ్చింది, దానికి కోతలు అక్కర్లేదు. అయినా నేను కోస్తాను. ఏ భాగం ఎందుకు పెద్దదైందో కోసినప్పుడే అర్థమవుతుంది.

చక్రాల దగ్గర మాత్రం సాయం ఆటపాక నుంచి వచ్చింది. కైకలూరు పక్కన ఆ పక్షుల కేంద్రంలో గూడబాతు నీటి మీద వాలడం ఎన్నోసార్లు చూశాను. అంత బరువైన పక్షి నీటికి ఇంకా ఎత్తులో ఉండగానే కాళ్లు కిందికి దించి, వేళ్ల మధ్య పొర విప్పి గాలికి అడ్డం పెడుతుంది. వేగం చచ్చాక నీటిని తాకుతుంది. మామూలు జెట్ విమానాలకు గాలిలో వేగం తగ్గించడానికి విడిగా పలకలుంటాయి. పెట్టర్ వాటి బరువు వద్దనుకున్నాడు. ఎలాగూ ఉన్న చక్రాలనే, వాటి తలుపులతో సహా, సగం దాకా దించితే అవే గాలికి అడ్డం పడతాయి. పూర్తిగా దించితే నేల మీద దిగడానికి, సగం దించితే వేగం తగ్గడానికి. పొదుపు అంటే ఇంత తెలివిగా ఉండాలనిపించింది. అందుకే నా నాట్ చక్రాలు సగమే దించి అతికించాను. కిట్టు కాగితంలో ఆ బొమ్మ ఉండదు.

రంగు దగ్గర ఒకసారి దెబ్బతిన్నాను. మన నాట్‌లు చాలాకాలం వెండి రంగులో ఉండేవి. ఆ వెండి రంగును ఆగస్టు ముసురులో పిచికారీ చేశాను. పావుగంటలో విమానమంతా పాల మీగడ పట్టినట్టు తెల్లబడింది. రంగులోని ద్రావకం గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. చల్లబడ్డచోట గాలిలోని తేమ నీరై రంగులోనే చిక్కుకుంటుంది. ఒకవైపు కొల్లేరు, మరోవైపు కాలవలు, నడుమ వరిచేలు ఉన్న ఈ నేల మీద వానాకాలం గాలిలో ఆ తేమకు కొదవ లేదు. అంతా తుడిచి, మాఘమాసం ఎండ కోసం ఆగాను.

నాట్ పోరాటం గురించి మనవాళ్లకు ఎంతో కొంత తెలుసు. 1965 సెప్టెంబరు 3న నాట్ పైలట్ ట్రెవర్ కీలర్ పాకిస్తాన్ వాయుసేన సేబర్ జెట్ ఒకదాన్ని కూల్చాడని మన వాయుసేన ప్రకటించింది, అప్పటి నుంచే దీనికి సేబర్ సంహారి అనే పేరు. 1971 డిసెంబరు 14న శ్రీనగర్ మీదికి సేబర్లు వచ్చినప్పుడు నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్ బాంబులు పడుతున్న రన్‌వే మీద నుంచే నాట్ లేపి, పోరాడి, అందులోనే ప్రాణమిచ్చాడు. వాయుసేనకు వచ్చిన పరమవీరచక్ర అదొక్కటే. ఆ పేర్ల పక్కన నేను చెప్పాలనుకునేది బెంగళూరులోని పేరు తెలియని ఇంజినీర్ల గురించి. నాట్‌కు తోక నియంత్రణలో, హైడ్రాలిక్ వ్యవస్థలో ఎన్నో చిక్కులుండేవి. దూరం వెళ్లాలంటే రెక్కల కింద ఇంధనం ట్యాంకులు తగిలించాలి, తగిలిస్తే బాంబులకు చోటుండదు. వాళ్లు రెక్క లోపలి బోలునే ట్యాంకుగా మార్చారు. కింద చోటు ఆయుధాలకు మిగిలింది. నియంత్రణ వ్యవస్థను బాగుచేశారు. అలా మారిన విమానం 1975 మార్చి 5న ఎగిరింది. పేరు అజీత్, ఓడనిది. కొత్తగా 79 చేశారు, పాత నాట్‌లు పదింటిని మార్చారు. 1991 దాకా అవి సేవలో ఉన్నాయి. పైకి చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు, రెక్క కింద రెండు కొక్కేలు ఎక్కువ. అతికించడానికి పది నిమిషాలు చాలు. అసలు మార్పంతా లోపల ఉంది, బొమ్మలో దాన్ని చూపే దారి లేదు.

చివరి పని గుర్తులు అంటించడం. గోరువెచ్చని నీళ్లలో కాగితాన్ని అర నిమిషం నాననిస్తే పల్చని పొర జారి వస్తుంది. పట్టకారుతో పట్టి, తడి కుంచెతో నెట్టి, రెక్క మీద కూర్చోబెట్టాలి. బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ. పెట్టెలో ఇచ్చిన నీలం, ఎరుపు వలయాలు కాగితం మీదే మిగిలిపోయాయి.

మొన్న ఆదివారం డాబా మీద ఆ కొసన మా అన్నయ్య కూతుర్ని నిలబెట్టి, సన్నటి తీగకు బొమ్మ గుచ్చి చేతికిచ్చాను. ఈ కొసన నేలమీద కూర్చుని ఒక కన్ను మూశాను.

“ఇంకా వెనక్కి వెళ్లనా బాబాయ్?”

“చాలమ్మా, అక్కడే ఆగు. కాస్త వంచు.”

ముప్పావు కిలోమీటరు దూరంలో, కొల్లేటి వైపు నుంచి, చక్రాలు సగం దించుకుని నాట్ వస్తోంది.