నిద్రలేమి - యునానీ మూలికలు

నిద్ర పట్టకపోవడం ఈ యంత్రయుగం తెచ్చిపెట్టిన జబ్బని చాలామంది అభిప్రాయం. కాని యునానీ వైద్య గ్రంథాలలో 'సహర్' అనే పేరుతో నిద్రలేమిని పూర్వమే చర్చించారు. మనిషి ఆరోగ్యానికి తప్పనిసరి అయిన ఆరు అంశాలను హకీములు 'అస్బాబె సిత్త జరూరియా' అన్నారు. గాలి, అన్నపానీయాలు, శరీరశ్రమ - విశ్రాంతి, మనసు అలజడి - నెమ్మది, నిద్ర - మెలకువ, మలినాల విసర్జన - నిలుపుదల. మనసుకు ఒకటి, నిద్రకు ఒకటి విడిగా స్థానమివ్వడం గమనించదగిన విషయం.

అందుచేత చికిత్సలో ఒక వరుస ఏర్పడింది. ముందు దినచర్యను సరిదిద్దాలి, తర్వాత ఆహారాన్ని, అప్పటికీ గుణం కనిపించకపోతే మందు. నేడు మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులయింది. ఇషా నమాజు తర్వాత కూడా టీ తాగి, అర్ధరాత్రి దాటేదాకా మేలుకొని, తెల్లవారగానే మూలికల అంగడికి వెళుతున్నాము.

క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ దేహానికీ, ఆత్మకూ రెంటికీ సంరక్షణ అవసరమని చెబుతూ ఒక గ్రంథమే రచించారు. ఆపదకు పనికివస్తాయని ఇంట్లో మందులు దాచుకున్నట్లే, మనసు నెమ్మదిగా ఉన్న వేళ మంచి ఆలోచనలు పోగుచేసుకుని, కలత చెందినప్పుడు వాటిని వాడుకోవాలని ఆయన సలహా. 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ కూడా, దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకంటే ముందు ఆలోచనలనూ పడక అలవాట్లనూ మార్చే చికిత్సనే సూచించింది.

ఆహారం సంగతికి వస్తే తల్బీనాను చెప్పుకోవాలి. ఇది యవల పిండితో కాచే పలుచని జావ. పాలు, తేనె కలుపుకోవచ్చు. బంధువుల ఇంట మరణం సంభవించినప్పుడు హజ్రత్ ఆయిషా (రజి) దీనిని వండించేవారు. ఇది రోగి హృదయానికి ఊరటనిచ్చి కొంత దుఃఖాన్ని తొలగిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆమె తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. 'కొంత' అన్న మాటను గుర్తుంచుకోవాలి.

ఇక మూలికలు. బాబూనా పూలు, జటామాంసి అని మనమెరిగిన సుంబులుత్తీబ్, హకీములు 'మెదడుకు చీపురు' అని పిలిచిన ఉస్తూఖుద్దూస్ - ఇవి సౌమ్యమైనవిగా పేరుపడ్డాయి. గావ్‌జబాన్ (ఆవు నాలుక అని అర్థం) విషయంలో కొంచెం జాగ్రత్త అవసరం. ఆ ఒక్క పేరుతోనే బజారులో వేర్వేరు మొక్కల ఆకులు అమ్ముతారు. ఈ జాతి మొక్కలు కొన్నింటిలో కాలేయానికి హాని చేసే పదార్థాలున్నాయి. గసగసాలు వంటింటి సరుకే. కాని వాటి కాయ సంగతి వేరు, అది నల్లమందుకు పుట్టిల్లు. నిద్ర తెచ్చే మందును 'మునవ్విమ్' అనీ, స్పర్శను మొద్దుబార్చే మందును 'ముఖద్దిర్' అనీ హకీములు వేరు చేశారు. రెండూ ఒకటేనని అంగడివాడు చెబితే నమ్మరాదు.

వీటన్నిటిలో నిజంగా బలమైనది అస్రోల్, అంటే సర్పగంధ వేరు. బీహారు ప్రాంతంలో దీనిని పిచ్చికి మందుగా వాడేవారు. హకీం అజ్మల్ ఖాన్ ప్రోత్సాహంతో ఢిల్లీ తిబ్బియా కళాశాల పరిశోధనాశాలను చేపట్టిన సలీముజ్జమాన్ సిద్దీఖీ, 1931లో ఈ వేరు నుండి కొన్ని ఆల్కలాయిడ్లను వేరుచేసి, ఒకదానికి హకీం సాహెబు పేరిట 'అజ్మలీన్' అని నామకరణం చేశారు. ఆ ఏడే కలకత్తా వైద్యులు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ దీని గుణాన్ని వైద్యపత్రికలో ప్రకటించారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుపై దీని ప్రభావాన్ని బ్రిటిష్ పత్రికలో వివరించగా, 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు 'రెసర్పీన్'ను వేరుచేశారు. పల్లెటూరి వేరు ప్రపంచంలోని మానసిక వైద్యశాలలకు చేరింది!

అయితే అది పనిచేసే తీరు కూడా బయటపడింది. నరాల చివర నిలువ ఉండే రసాయనాలను రెసర్పీన్ ఖాళీ చేస్తుంది. అందువల్లనే అలజడి తగ్గుతుంది, రక్తపోటు దిగుతుంది. అదే కారణంగా నాడి మందగిస్తుంది. వాడినవారిలో కొందరు తీవ్రమైన దిగులులో మునిగిపోయినట్లు వైద్యులు గమనించారు. మందు ఆపిన తర్వాత కూడా ప్రభావం కొన్నాళ్ళు ఉంటుంది. యునానీ మందు 'దవా ఉష్‌షిఫా'లో ఉన్నది ఈ అస్రోలే. అల్లోపతి రక్తపోటు మాత్రలు వేసుకునే పెద్దవారు డాక్టరుకు చెప్పకుండా దీనిని తోడు చేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. హకీము దగ్గర మాత్రల సంగతి, డాక్టరు దగ్గర మూలికల సంగతి దాచడం మనవారికి అలవాటు. ఇది మానుకోవాలి.

ఇప్పుడు అందరి నోటా వినిపించేది అస్‌గంధ్, అనగా అశ్వగంధ. ఆందోళన, నిద్ర విషయంలో కొద్దిపాటి మేలు చేస్తుందని కొన్ని చిన్న పరిశోధనలలో కనిపించింది. అరుదుగా కాలేయం దెబ్బతిన్న ఉదంతాలూ నమోదయ్యాయి. 2023లో డెన్మార్క్ దీనిని నిషేధించింది. గర్భవతులూ, థైరాయిడ్ జబ్బు ఉన్నవారూ దీని జోలికి పోకపోవడమే మేలు. పెద్దగా గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగిపోయేవారు మూలికైనా, మాత్రైనా నిద్రమందు మొదలుపెట్టే ముందు వైద్యునికి చూపించుకోవాలి. వారికి లోపించింది నిద్ర కాదు, గాలి.