ఆవు పాలు తగ్గాయా? మేత మార్చే ముందు పొదుగు పరీక్ష చేయండి



పోయినేడాది మా సాహివాల్ ఆవు రెండో ఈతలో పూటకి నాలుగు లీటర్లు ఇచ్చేది. మూడో నెల దాటగానే మూడు లీటర్లకి పడిపోయింది. మేత అదే, జ్వరం లేదు, పొదుగు వాపు లేదు, పాలు తెల్లగానే ఉన్నాయి. "దీని పని ఇంతే, అమ్మేద్దాం" అన్నారు ఇంట్లో. అదే వారం మా దగ్గర పాలు, పెరుగు తీసుకునే ఇద్దరు ఫోన్ చేశారు. పెరుగు గట్టిగా తోడుకోవట్లేదట, పాలు కాస్త ఉప్పగా ఉన్నాయట. ఇవి రెండు వేరే సమస్యలనుకున్నాను. నిజానికి రెండూ ఒకటే: బయటికి కనపడని పొదుగువాపు.

లోపల ఏం జరుగుతుంది?

చన్ను రంధ్రం గుండా బ్యాక్టీరియా లోపలికి పోతుంది. దానితో పోరాడటానికి తెల్లరక్తకణాలు పొదుగులోకి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలలో మిల్లీలీటరుకి ఇలాంటి కణాలు సుమారు 2 లక్షల లోపే ఉంటాయి. అంతకు మించితే ఇన్ఫెక్షన్ ఉందని అనుమానించాలి. పాలు తయారుచేసే కణాలు దెబ్బతింటాయి కాబట్టి దిగుబడి తగ్గుతుంది. లాక్టోజ్ తగ్గి, రక్తంలోని ఉప్పు పాలలోకి దిగుతుంది. కేసిన్ విరిగిపోవడం వల్ల పెరుగు పల్చబడుతుంది. వెన్న శాతం మాత్రం ఒక్కోసారి మామూలుగానే కనిపిస్తుంది. అందుకే కేంద్రంలో వచ్చే ఫ్యాట్ చూసి ఆవు బాగుందనుకోకూడదు.

మాకు రోజుకి రెండు లీటర్లు పోయాయి. లీటరు 60 రూపాయల లెక్కన నెలకి 3,600. కస్టమర్ నమ్మకం పోతే దానికి లెక్క లేదు.

ఇంట్లోనే పరీక్ష

వీడియోలో చేసి చూపించాను. 100 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల బట్టల సబ్బు పొడి కలపండి. నాలుగు చన్నుల పాలు నాలుగు కప్పుల్లో విడివిడిగా తీసి, పాలు ఎంతో సబ్బు నీళ్లు అంతే పోసి తిప్పండి. పల్చగా ఉంటే మంచిది. జిగురుగా, చిక్కగా మారితే ఆ చన్నులో సమస్య ఉన్నట్టు. ఈనిన మొదటి వారం, వట్టిపోయే ముందు మాత్రం ఈ పరీక్షని నమ్మొద్దు. అప్పుడు మంచి పాలు కూడా చిక్కబడొచ్చు.

తప్పు ఎక్కడ జరిగింది?

డిప్లొమాలో ఇదంతా చదివినవాణ్ణే. అయినా షెడ్డులో చేసింది వేరు. జీవామృతం కోసం పేడ, మూత్రం అక్కడే పోగు చేసేవాళ్లం. నేల ఎప్పుడూ తడే. పేడ ఎత్తిన చేతిని నీళ్లలో ముంచి అలాగే పితికేవాళ్లం. పొలానికి మేలు చేసే పేడే చన్నుకి తగిలితే ఇన్ఫెక్షన్ తెస్తుంది. ప్రకృతి వ్యవసాయం చేసే మనం దీన్ని మర్చిపోతాం.

ఇప్పుడు మేం చేస్తున్నవి

- జీవామృతం డ్రమ్ములు, పేడ కుప్ప షెడ్డుకి దూరంగా పెట్టాం. పడుకునే చోట పొడి గడ్డి వేస్తాం.
- చేతులు సబ్బుతో కడుక్కుని, పొదుగు కడిగి, ఆవుకో పొడి గుడ్డతో తుడుస్తాం.
- మొదటి ధారలు నల్ల గుడ్డ మీద పితికి గడ్డలున్నాయేమో చూస్తాం.
- బొటనవేలు మడిచి పితకం, పిడికిలితోనే. పొదుగులో పాలు మిగల్చం.
- పితికాక చన్నులు అయోడిన్ ద్రావణంలో ముంచి వెంటనే మేత వేస్తాం. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పైనే పడుతుంది. అప్పటిదాకా ఆవు నిలబడే ఉండాలి.
- సమస్య ఉన్న ఆవుని చివర్లో పితుకుతాం. ఆ పాలు నేల మీద పొయ్యం, దూడకి తాగించం.

మందు సంగతి

ఎన్‌డీడీబీ ప్రచారం చేస్తున్న పద్ధతి మేం వాడాం. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు మెత్తగా నూరి, కొంచెం కొంచెం నీళ్లతో పల్చగా చేసి, పొదుగంతా రోజుకి పదిసార్లు, ఐదు రోజులు పూయాలి. రోజుకి రెండు నిమ్మకాయలు కోసి మూడు రోజులు తినిపించాలి. జ్వరం వచ్చినా, పొదుగు గట్టిపడినా, పాలలో రక్తం కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టర్ గారిని పిలవండి. యాంటీబయాటిక్ వేస్తే ఆయన చెప్పినన్ని రోజులు ఆ పాలు అమ్మొద్దు.

మా ఆవు పూటకి మూడున్నర లీటర్లకి వచ్చింది. ఆ మిగతా అరలీటరు ఆ ఈతలో తిరిగి రాలేదు. ముందే పరీక్ష చేసి ఉంటే అదీ దక్కేది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి నాలుగు కప్పులు తీసి కూర్చుంటున్నా. మీరూ ఈ సాయంత్రం పితికే ముందు ఒకసారి చేసి చూడండి.