గ్రెయిన్ లెక్కలు: 400 ఫిల్ముకు ఎంత వెలుతురు, ఎన్ని నిమిషాలు?

ఫిల్ము డబ్బా మీద అంకె పెద్దదైతే ఫొటోలో గ్రెయిన్ ఎక్కువనుకుంటాం. అది సగమే నిజం. మిగతా సగం మనం ఇచ్చే ఎక్స్‌పోజర్‌లో, డెవలప్ చేసే నిమిషాల్లో ఉంది. డబ్బా మీద 400 అని ఉన్న ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్మును ఐడీ-11 డెవలపర్‌లో కడిగితే ఆ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం.

చుక్క ఎలా పుడుతుంది?

తక్కువ వెలుతురుకే స్పందించాలంటే ఫిల్ములోని సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు పెద్దవిగా ఉండాలి. డెవలపర్ వాటిని నల్లటి వెండిగా మారుస్తుంది. ప్రింటులో గ్రెయిన్‌గా కనిపించే చుక్క ఒక్క స్ఫటికం కాదు, ఒకదాని మీద ఒకటి పడిన వెండి రేణువుల గుంపు. ఆకాశం, చర్మం లాంటి నడిమి బూడిద రంగుల్లో అది బాగా బయటపడుతుంది.

పుష్ చేస్తే ఏమవుతుంది?

మీటరును డబ్బా మీది అంకె కన్నా పెద్ద అంకెకు పెట్టి తీసి, ఆ లోటుకు ఎక్కువసేపు డెవలప్ చేయడమే పుష్. నీళ్లు కలపని ఐడీ-11తో, 20 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇల్‌ఫర్డ్ చెప్పే సమయాలివి:

- 400గా తీస్తే: 7½ నిమిషాలు
- 800గా తీస్తే: 10½ నిమిషాలు
- 1600గా తీస్తే: 14 నిమిషాలు

1600 వద్ద ఫిల్ముకు అందే వెలుతురు నాలుగో వంతే. సమయం దాదాపు రెట్టింపు చేసినా ఆ లోటు తీరదు. అదనపు నిమిషాలు హైలైట్లనే, అంటే వెలుతురు బాగా పడిన చోట్లనే, దట్టం చేస్తాయి. వెలుతురు సోకని నీడల్లో డెవలపర్‌కు పనే ఉండదు. చివరికి కాంట్రాస్ట్ పెరుగుతుంది, గ్రెయిన్ ముతకబారుతుంది. డబ్బా మీద 3200 అని ఉన్న డెల్టా ఫిల్ముకు కూడా ఇల్‌ఫర్డ్ కొలిచి చెప్పిన ఐఎస్ఓ 1000 మాత్రమే. 3200 అంటే అక్కడా పుష్ చేయడమే.

కాబట్టి మీటరును నీడ మీద పెట్టండి. మీటరు దేన్ని చూసినా నడిమి బూడిద అనుకుంటుంది గనుక వచ్చిన రీడింగుకు రెండు స్టాపులు తగ్గించాలి. నీడలో 1/125 సెకనుకు ఎఫ్ 2.8 చూపిస్తే, ఎఫ్ 5.6 పెట్టాలి. అవసరానికి మించి వెలుతురు ఇచ్చినా నెగటివ్ దట్టమై గ్రెయిన్ పెరుగుతుంది.

నీళ్లు కలిపితే?

ఐడీ-11 లీటరులో 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది. అది వెండి రేణువుల అంచులను కొద్దిగా కరిగించి గ్రెయిన్‌ను మెత్తబరుస్తుంది. సమానంగా నీళ్లు కలిపితే సల్ఫైట్ 50 గ్రాములకు పడిపోతుంది. అప్పుడు గ్రెయిన్ కాస్త స్పష్టంగా, అంచులు పదునుగా వస్తాయి. 400గా తీసిన రోల్‌కు ఈ పాళ్లలో 13 నిమిషాలు పడుతుంది. 1891 నుంచి వాడుకలో ఉన్న రోడినాల్ అనే డెవలపర్‌లో ఇలా కరిగించే గుణం లేదు. అందుకే దానిలో గ్రెయిన్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

వేడి, కదలిక, సైజు

వేసవిలో మన కుళాయి నీరు 20 డిగ్రీలకు చాలా పైనే ఉంటుంది. ఇల్‌ఫర్డ్ లెక్క ప్రకారం 20 వద్ద 4 నిమిషాలు పట్టేది 23 వద్ద 3 నిమిషాలే. ఆ వంతున 13 నిమిషాలు 9¾కు తగ్గుతాయి. థర్మామీటరు చూడకుండా అవే 13 నిమిషాలు ఉంచితే తెలియకుండానే పుష్ చేసినట్టు. ట్యాంకును ప్రతి నిమిషం మొదటి 10 సెకన్లలో 4 సార్లు తిరగేస్తే చాలు. ఆపకుండా ఊపితే కాంట్రాస్ట్ పెరుగుతుంది.

సైజు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 35 ఎం.ఎం. ఫ్రేము పొట్టి వైపు 24 మి.మీ. దాన్ని 8 అంగుళాలకు పెంచితే ఎనిమిదిన్నర రెట్లు. 120 ఫిల్ములో 6×6 ఫ్రేము వైపు 56 మి.మీ. కాబట్టి అదే ప్రింటుకు మూడున్నర రెట్లు పైచిలుకు చాలు. అదే ఫిల్ము, అదే డెవలపర్, కానీ గ్రెయిన్ సగానికన్నా చిన్నది.

మొదటి రోల్ 400 వద్దే తీసి, సమానంగా నీళ్లు కలిపి, 20 డిగ్రీల వద్ద 13 నిమిషాలు కడగండి. నెగటివ్ చూశాక నీడలు ఖాళీగా ఉంటే ఎక్స్‌పోజర్ పెంచండి, హైలైట్లు మరీ దట్టంగా ఉంటే నిమిషాలు తగ్గించండి. ఒక రోల్‌కు ఒక్క అంకె మాత్రమే మార్చండి.