అద్దంలో తలకిందులైన బస్సు

వక్ర దర్పణాల లెక్కల్లో విద్యార్థిని ముంచేది సూత్రం కాదు, గుర్తు

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకం చదివిన లక్షలాది మందికి తెలిసిన లెక్కే. వాహనానికి బిగించిన కుంభాకార దర్పణం వక్రతా వ్యాసార్ధం 3 మీటర్లు. బస్సు 5 మీటర్ల దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ?

సూత్రం కంఠతా వచ్చినదే: 1/వి + 1/యు = 1/ఎఫ్. వ్యాసార్ధంలో సగం, అంటే 1.5 మీటర్లు నాభ్యంతరం. ఎఫ్ చోట 1.5, యు చోట 5 వేస్తే ప్రతిబింబ దూరం 2.14 మీటర్లు, ఆవర్ధనం మైనస్ 0.43 వస్తాయి. మైనస్ అంటే తలకిందులు! చక్రాలు పైకి పెట్టుకుని వస్తున్న బస్సును ఏ డ్రైవరూ చూసి ఉండడు. ఇది తప్పని చెప్పడానికి ఫిజిక్స్ అక్కర్లేదు, ఆటో ఎక్కిన అనుభవం చాలు.

మరి చిక్కెక్కడ? గుర్తులు ప్రకృతి నియమాలు కావు, ఒప్పందాలు. (రాజనీతి శాస్త్రం చదివినవాళ్లకు ఈ మాట వెంటనే ఎక్కుతుంది.) ఇప్పటి పుస్తకాల ఒప్పందంలో దర్పణం ముందున్న బస్సు దూరం మైనస్ 5, వెనకున్న నాభి ప్లస్ 1.5. కొన్ని పాత పుస్తకాల్లో నిజమైనది ప్లస్, మిథ్య మైనస్. అక్కడ బస్సు ప్లస్ 5, నాభి మైనస్ 1.5. ఏ దారిన వెళ్లినా ప్రతిబింబం అద్దం వెనక 1.15 మీటర్ల దూరంలో, నిటారుగా, 0.23 వంతు పరిమాణంలో ఉంటుంది. ఒకదాని నుంచి బస్సును, రెండోదాని నుంచి నాభిని తెచ్చుకుంటేనే 2.14. అది అంతే నాభ్యంతరమున్న పుటాకార దర్పణానికి సరైన జవాబు. కుర్రాడు లెక్క సరిగానే చేశాడు, అద్దమే మారింది. తప్పు జవాబుకు ఒక మార్కు కోసే జేఈఈ మెయిన్ లాంటి పరీక్షలో ఈ వివరణ వినేవారుండరు.

కిరణ చిత్రం గీస్తే అర నిమిషం పడుతుంది. కుంభాకార దర్పణంలో వస్తువు ఎంత దూరాన ఉన్నా ప్రతిబింబం అద్దానికీ నాభికీ మధ్యే ఏర్పడుతుంది. 1.5 దాటిన జవాబును అక్కడే కొట్టేయొచ్చు.

సరైన జవాబులోనూ ఒక తిరకాసుంది. అమెరికాలో ప్రయాణికుడి వైపు కుంభాకార అద్దం పెడితే, వస్తువులు కనిపించేదాని కంటే దగ్గరగా ఉన్నాయన్న హెచ్చరిక దానిపై తప్పనిసరి. ప్రతిబింబం 1.15 మీటర్లలోనే ఉంటే బస్సు దూరంగా ఎందుకు అనిపిస్తుంది? మెదడు దూరాన్ని పరిమాణంతో అంచనా వేస్తుంది కాబట్టి. కన్ను అద్దానికి మీటరు దూరంలో ఉంటే, ఆ బస్సు 9.3 మీటర్ల దూరంలో ఉన్నంత చిన్నగా కనిపిస్తుంది. మామూలు అద్దంలో అదే బస్సు 6 మీటర్ల దూరంలో ఉన్నట్టు కనిపించేది.