కారుకు మెరుపు... కుర్రాళ్ల జీతానికి కోత
పాలిష్ ప్యాడ్‌లో గట్టిపడే సీలెంట్‌తో చిక్కులు - ఆ రోజే కడిగితే వదులుతుందంటున్న అనుభవజ్ఞులు

విజయవాడ: పదో తరగతితోనో, ఇంటర్‌తోనో చదువు ఆపేసిన పల్లెటూరి కుర్రాళ్లకు ఇప్పుడు కార్ల పాలిష్ షాపులు ఒక బతుకుతెరువు అయ్యాయి. కంకిపాడు, పెనమలూరు, గన్నవరం, నున్న, మైలవరం ప్రాంతాల పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి విజయవాడ ఆటోనగర్‌కు, జాతీయ రహదారుల పక్కన వెలిసిన వాషింగ్ షాపులకు వెళ్లేవారు ఉన్నారు. 2022లో కృష్ణా జిల్లా రెండై ఎన్టీఆర్ జిల్లా వేరుపడినా పనికి వచ్చే దారి మాత్రం మారలేదు.

ఈ పనిలో చేరిన కొత్తవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కారు కాదు, చేతిలోని స్పాంజి ప్యాడ్. కారుకు చివరగా పట్టించే సీలెంట్ ఈ ప్యాడ్‌లోకి ఇంకి, ఆరి, పెచ్చుకట్టి కూర్చుంటుంది. ఎంత కడిగినా వదలదు. మంచి ప్యాడ్ ఖరీదు కొన్ని వందల రూపాయలు ఉంటుంది. పాడైతే కొన్నిచోట్ల ఆ సొమ్మును కుర్రాడి జీతంలో పట్టుకుంటారు. పట్టుకుంటారనే భయంతో అదే గట్టి ప్యాడ్‌ను మరో కారుకు వాడితే గీతలు పడతాయి. అప్పుడు నష్టం వందలతో పోదు, వేలల్లోకి వెళ్తుంది.

ఏమిటీ సీలెంట్?

పూర్వం కార్లకు మైనంతో చేసిన పాలిష్ మాత్రమే పట్టించేవారు. వాటిలో పేరున్నది కార్నూబా మైనం. బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక జాతి తాడి చెట్టు ఆకుల నుంచి దీనిని తీస్తారు. మైనాలలో ఇది చాలా గట్టిది. 80 డిగ్రీలు దాటితే గాని కరగదు. మైనం పూత కొద్ది వారాలకే తగ్గిపోతుంది గనుక తరువాత రోజుల్లో కృత్రిమ పదార్థాలతో చేసిన సీలెంట్లు వచ్చాయి. ఇవి రంగుపై పలుచని పొరలా అంటుకుని కొన్ని నెలలపాటు ఎండకు, వానకు తట్టుకుంటాయి. ఇటీవలి కాలంలో సిరామిక్ కోటింగ్ అనే మరో రకం కూడా వాడుకలోకి వచ్చింది.

రంగును అంటిపెట్టుకుని నీటిని దూరంగా ఉంచడమే సీలెంట్ పని. కారు మీద ఏ గుణం మేలు చేస్తుందో, ప్యాడ్‌లో ఆ గుణమే కీడు చేస్తుంది. ప్యాడ్ నిండా సన్నని గదులు ఉంటాయి. సీలెంట్ ఆ గదుల్లో చేరి ఆరిపోతే వట్టి నీళ్లు దాని దరిచేరవు. తలంటు పోసుకునేటప్పుడు నూనె జిడ్డు వట్టి నీళ్లతో పోదు, కుంకుడు రసం కావాలి. ఇదీ అంతే. జిడ్డునూ నీటినీ కలిపే సబ్బు గుణం గల పదార్థం ఉంటేనే సీలెంట్ కదులుతుంది.

గీతలు ఎందుకు పడతాయి?

కారు రంగుపైన రంగులేని వార్నిష్ పొర ఒకటి ఉంటుంది. మెరుపంతా దానిదే. మామూలుగా ఆ పొర మందం తల వెంట్రుక మందం కన్నా తక్కువ. మెత్తగా ఉండవలసిన ప్యాడ్‌లో ఆరిన పెచ్చు గట్టిపడి ఉంటే, మిషన్ తిరిగే వేగానికి అది ఈ పొరను గీస్తుంది. నీడలో చూస్తే ఏమీ కనబడదు. ఎండలోకి తీసేసరికి సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు బయటపడతాయి. కారు యజమాని ఊరుకోడు. షాపు యజమాని మళ్లీ మొదటి నుంచి పాలిష్ పట్టించాలి. అలా పట్టించిన ప్రతిసారీ ఆ పలుచని పొర ఇంకొంత అరుగుతుంది.

కడిగే పద్ధతి ఇదీ

పాలిష్ పనిలో ఆరితేరిన మేస్త్రీలు చెప్పే మొదటి మాట, పని కాగానే కడగమని. పొద్దుపోయిందని రేపటికి వాయిదా వేస్తే తెల్లారేసరికి సీలెంట్ బిగుస్తుంది. అప్పటికప్పుడు కడగడానికి వీలులేకపోతే కనీసం సబ్బు నీళ్ల బకెట్‌లో వేసి ఉంచాలి. ఆరకుండా ఉంటే సగం పని అయినట్టే.

కడిగేటప్పుడు ముందుగా పొడి ప్యాడ్‌ను మెత్తటి నైలాన్ బ్రష్షుతో దులిపి పైపైన ఉన్న పెచ్చులు రాల్చాలి. తరువాత చేయి హాయిగా ఓర్చుకునేంత గోరువెచ్చని నీళ్లు బకెట్‌లో పోసి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు గాని, షాపులో ఉండే క్లీనర్ గాని కలపాలి. క్లీనర్ అయితే ఒక వంతుకు పది వంతుల నీళ్లు చాలు. అందులో ప్యాడ్‌ను అరగంట నానబెట్టాలి. రాత్రంతా నానబెడితే వెనుక అతికించిన వెల్క్రో పట్టీ ఊడివస్తుంది. మరిగిన నీళ్లు పోసినా అంతే. ఆ పట్టీని పట్టి ఉంచేది జిగురే గనుక వేడికి అది వదులుతుంది.

నానిన ప్యాడ్‌ను రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కి వదలాలి. బట్ట పిండినట్టు మెలితిప్పితే స్పాంజి చిరుగుతుంది. బ్రష్షుతో మధ్య నుంచి అంచులకు మెల్లగా రుద్దాలి. నీళ్లు మురికైతే పారబోసి కొత్త నీళ్లతో మళ్లీ నొక్కాలి.

ఇంకా మొండిగా మిగిలిన మచ్చలు ఉంటే, నీళ్లు కలపని లిక్విడ్ సబ్బు నాలుగు చుక్కలు నేరుగా వాటిపై వేసి బొటనవేలితో రుద్దాలి. ఐదు పది నిమిషాలు ఆగి, ఆరకముందే బ్రష్షు వేయాలి. దానికీ లొంగకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు సమానంగా నీళ్లు కలిపి, గుడ్డతో ఆ చోట అద్దవచ్చు. 2020లో కరోనా వచ్చినప్పుడు చేతులకు రాసుకున్న శానిటైజర్లు కొన్నింటిలో ఉన్నది ఈ ఆల్కహాలే. ముందు ప్యాడ్ అంచున కొద్దిగా అద్ది, స్పాంజి ఉబ్బలేదని చూసుకున్నాకే మిగతా చోట వాడాలి. ఇది చప్పున అంటుకునే పదార్థం గనుక దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. గాలి ఆడేచోట, చేతులకు తొడుగులు వేసుకుని ఈ పని చేయాలి.

చివరకు మంచినీళ్లలో నురగ రాకుండా పోయేంతవరకు జాడించాలి. నొక్కితే వేళ్లకు జారుడుగా తగిలిందంటే లోపల ఇంకా సబ్బో, సీలెంటో ఉన్నట్టు లెక్క.

థిన్నర్ జోలికి పోవద్దు

తొందరలో కొందరు థిన్నర్, పెట్రోలు పోసి రుద్దుతుంటారు. జిడ్డు పోయినట్టే కనిపిస్తుంది గాని స్పాంజి ఉబ్బి, తరువాత పొడిపొడిగా రాలిపోతుంది. జిగురు కూడా కరుగుతుంది. మిషన్ మీద తిరుగుతుండగా ప్యాడ్ ఊడి ఎగిరితే కారుకే కాదు, మనిషికీ ప్రమాదమే. పైగా ఆ ఆవిర్లు ఊపిరితిత్తులకు చేటు. నిప్పు భయం సరేసరి. బట్టలు మెత్తబడటానికి వేసే కండిషనర్, తెల్లబడటానికి వేసే బ్లీచింగ్ కూడా ప్యాడ్లకు పనికిరావు.

ఎండలో వేస్తే త్వరగా ఆరుతుందని అనుకోవడం మరో పొరపాటు. ఎండకు స్పాంజి పసుపుబారి పెళుసవుతుంది. పొడి తువ్వాలులో పెట్టి నొక్కి, నీడలో గాలి తగిలేచోట వెల్క్రో పైకి, స్పాంజి కిందికి ఉండేలా ఆరబెట్టాలి. అప్పుడు నీరు జిగురు వైపు కాక కిందికి దిగుతుంది. తడి ఆరకుండా డబ్బాలో పెట్టి మూత పెడితే బూజు పడుతుంది.

మచ్చ వేరు, గట్టిదనం వేరు

ఎంత కడిగినా ప్యాడ్‌కు రంగు మచ్చ మిగలవచ్చు. దానికి భయపడనక్కరలేదు. ఆరిన తరువాత వేళ్లతో ఒత్తి చూడాలి. అంతటా ఒకే తీరున మెత్తగా ఉంటే మచ్చ ఉన్నా వాడుకోవచ్చు. ఎక్కడైనా గింజలా గట్టిగా తగిలితే మాత్రం మళ్లీ కడగాలి. రెండు మూడు సార్లకూ మెత్తబడకపోతే ఆ ప్యాడ్‌ను కారు రంగుపై ఇక వాడకూడదు. టైర్లకు, రిమ్ములకు పెట్టుకోవచ్చు.

సిరామిక్ కోటింగ్ సంగతి వేరు. అది గాలిలోని తేమతో కలిసి గాజులా బిగుస్తుంది. బిగిసిన తరువాత ఏ సబ్బూ దానిని కరిగించలేదు. అందుకే దానిని పట్టించే చిన్న స్పాంజిని ఒకసారి వాడి పారేయడమే పద్ధతి. దానిని కడగలేదని కుర్రాడిని తిట్టడం తగదు.

అసలు పెచ్చు కట్టకుండా చూసుకోవడం మరీ తేలిక. సీలెంట్ ఎక్కువ పోస్తే మెరుపు ఎక్కువ రాదు. కందిగింజంత చుక్కలు మూడు నాలుగు వేస్తే ఒక తలుపుకు సరిపోతుంది. ఒక్కో భాగం కాగానే ప్యాడ్‌ను పొడి గుడ్డతో ఒత్తి తుడవాలి. రబ్బింగ్‌కు ఒకటి, సీలెంట్‌కు ఒకటి చొప్పున ప్యాడ్లు వేరుచేసి, వెనుక గుర్తు రాసుకోవాలి.

జీతం కోతకూ ఓ పద్ధతి ఉంది

ప్యాడ్ పాడైందని యజమాని ఇష్టం వచ్చినట్టు జీతం కోయడానికి చట్టం ఒప్పుకోదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనూ, దాని స్థానంలో తెచ్చిన 2019 నాటి వేతనాల కోడ్‌లోనూ ఈ విషయం స్పష్టంగా ఉంది. కార్మికుని నిర్లక్ష్యం వల్లనే నష్టం జరిగి ఉండాలి. కోత పెట్టేముందు అతను సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. కోత జరిగిన నష్టాన్ని మించకూడదు. వాడకంలో ప్యాడ్ అరిగిపోవడం నిర్లక్ష్యం కిందికి రాదు. ఈ సంగతి పల్లెల నుంచి వచ్చే కుర్రాళ్లలో చాలామందికి తెలియదు. కడిగే పద్ధతి నేర్పకుండా పాడైందని సొమ్ము పట్టుకోవడం న్యాయం కాదని గమనించాలి.

కాలువలను కాపాడాలి

ప్యాడ్లు కడిగిన నీళ్లలో సబ్బు, సీలెంటు, రంగు పొడి కలిసి ఉంటాయి. ప్రకాశం బ్యారేజి దగ్గర బయలుదేరిన బందరు, రైవస్, ఏలూరు కాలువలు విజయవాడ ఊరి మధ్య నుంచే డెల్టా పొలాలకు పోతున్నాయి. మురుగు వాటిలో కలిస్తే దిగువ పల్లెల రైతులకు, పశువులకు ఇబ్బంది. కాలువలను కలుషితం చేయడాన్ని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం నిషేధిస్తుంది కూడా. గొట్టం వదిలి కడిగే బదులు రెండు బకెట్లతో కడిగితే నీరు ఆదా అవుతుంది. ఆ నీటిని గుంటలో నిలిపి, జిడ్డు తేరిన తరువాతనే వదలాలి. పాడైన ప్యాడ్లను తగలబెట్టరాదు. ఈ రకం స్పాంజి కాలితే సయనైడ్ వాయువు వస్తుంది. చెత్తబండికి ఇవ్వడమే మేలు.

బకెట్ నీళ్లు, నాలుగు చుక్కల సబ్బు, అరగంట ఓపిక. ఒక ప్యాడ్ పదికాలాలు నిలవడానికి ఇంతకు మించి అక్కరలేదు. యజమానులు కొత్తవారికి మొదటి రోజే ఈ పద్ధతి చూపించి, తొడుగులు, బ్రష్షు ఇచ్చి, పని ముగిశాక అరగంట సమయం కేటాయిస్తే ప్యాడూ మిగులుతుంది, కుర్రాడి జీతమూ మిగులుతుంది. కార్మిక శాఖ అధికారులు కూడా ఇటువంటి చిన్న షాపులను అప్పుడప్పుడు చూసి, జీతాల కోతలపై ఇరువర్గాలకూ తెలియజెప్పవలసి ఉంది.